పాఠం అందింది, మరి చదువు అబ్బిందా?

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో ప్రభుత్వ బడి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో మొదలైంది. కరోనా వల్ల మార్చి నుంచి తరగతి గదులకు తాళాలు పడి ఉన్నాయి. మూడు నుంచి పదో తరగతి వరకు పిల్లలకు వేళాపట్టిక వేసి పాఠాలు ప్రసారం చేశారు. తర్వాత చూసుకోవాలనుకునేవారి కోసం వాటిని ఇంటర్నెట్‌లోనూ ఉంచారు. ఉపాధ్యాయులు వాట్సాప్ గ్రూపులు పెట్టి వర్క్‌షీట్లు పంపారు. టీవీ లేని ఇళ్ల పిల్లలను పక్కింటివారికి అప్పగించి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఛానల్ పదో తరగతి పాఠాలను అంతకు ముందే మొదలుపెట్టింది. ఆ కష్టకాలంలో అంత పని జరగడం చిన్న విషయమేమీ కాదు.

రెండేళ్లు గడిచాయి. 2022 చివరి నెలల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే అసర్ సర్వే బృందాలు ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించాయి. పరీక్ష చాలా సులువైనది. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, తర్వాత ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, చివరగా రెండో తరగతి స్థాయి చిన్న కథ. కథను తడుముకోకుండా చదవగలిగితే చాలు. తెలంగాణలో 2018లో మూడో తరగతి పిల్లల్లో 18.1 శాతం మంది ఆ కథ చదవగలిగారు. 2022లో ఆ సంఖ్య 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం నుంచి 10.3 శాతానికి పడిపోయింది. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కి దిగింది.

ఈ అంకెలు చూసి ఆన్‌లైన్ పాఠాలు విఫలమయ్యాయని తీర్పు చెబితే తొందరపాటవుతుంది. కాస్త వెనక్కి లెక్క వేసి చూడాలి. 2022లో మూడో తరగతిలో ఉన్న పిల్లలు 2020లో ఒకటో తరగతి వయసువాళ్లు. తెలంగాణ టీవీ పాఠాలు మూడో తరగతి నుంచే మొదలయ్యాయి. అంటే ఈ పిల్లల కోసం ఆ వేళాపట్టికలో ఒక్క గంట కూడా లేదు. అది పొరపాటున జరగలేదు. ఆరేళ్ల పిల్లవాడికి తెర మీద అక్షరాలు నేర్పడం కుదిరే పని కాదని చదువు చెప్పేవాళ్లందరికీ తెలుసు. తెర మీద పాఠం అర్థం కావాలంటే పిల్లవాడికి అప్పటికే కొంత చదవడం వచ్చి ఉండాలి, కొంతసేపు కదలకుండా కూర్చోవడం వచ్చి ఉండాలి, అర్థం కాకపోతే అడగడానికి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఇవేవీ లేని పిల్లలకు వాటిని సమకూర్చడానికే ప్రభుత్వ బడి ఉంది.

పాఠం అందడం ఒక సంగతి, చదువు అబ్బడం మరో సంగతి. ఇంటర్నెట్ మొదటి పనిని అద్భుతంగా చేస్తుంది. రెండో పని దాని చేతిలో లేదు. ప్రభుత్వ విద్యలో ఇంటర్నెట్ గురించి జరిగే వాదాల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్లే అటు ఆశలూ ఇటు నిరాశలూ హద్దు మీరుతున్నాయి.

ఈ ఆశ కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎడ్యుశాట్ పూర్తిగా చదువు కోసమే ఎగిరిన ఉపగ్రహం. ఆ దారిలోనే ‘మన టీవీ’ అనే ప్రభుత్వ ఛానల్ వచ్చింది, తర్వాత టీశాట్ వచ్చింది. ప్రతిసారీ వినిపించిన మాట ఒకటే: నగరంలోని మంచి ఉపాధ్యాయుడి పాఠం మారుమూల పల్లెకు చేరుతుంది. ప్రతిసారీ పాఠం చేరింది కూడా. పెట్టె చెడిపోయినప్పుడు బాగుచేసేవాళ్లు, పాఠం అయ్యాక పిల్లల సందేహాలు తీర్చేవాళ్లు మాత్రం దానితో పాటు చేరలేదు.

అయితే ఇంటర్నెట్‌ను పాత టీవీతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. టీవీలో వచ్చింది చూడాలి. ఇక్కడ కావలసింది వెతుక్కోవచ్చు. ఒక జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయురాలు పాఠంలో తగిలిన పాత మాటకు అర్థం కోసం ఒకప్పుడు మండల గ్రంథాలయం దాకా వెళ్లాల్సి వచ్చేది, అక్కడా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఆ మాట కొడితే శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు, బ్రౌన్ నిఘంటువు ఒకే తెర మీద తెరుచుకుంటాయి. అచ్చులో లేని వేల తెలుగు పుస్తకాల స్కాను ప్రతులు ఉచితంగా దొరుకుతున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిని జీతం కోసం కాకుండా భాష మీద మమకారంతో రాసినవాళ్లలో ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. బడి తెరిచిన నెలకు గానీ పాఠ్యపుస్తకాలు అందని చోట వాటి పీడీఎఫ్‌లు మొదటి రోజే తెరుచుకోవచ్చు. ఇంటర్నెట్ నిజంగా పెంచిన శక్తి ఉపాధ్యాయుడి శక్తి. దీని గురించి రావలసినంత చర్చ రావడం లేదు.

పిల్లవాడి దగ్గరికి వస్తే చిత్రం ఇంత తేటగా ఉండదు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో పాఠం పేరు పక్కన నలుపు తెలుపు గళ్ల చతురస్రం ఒకటి ఉంటుంది. ఆ క్యూఆర్ కోడ్‌ను ఫోనుకు చూపిస్తే 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ దీక్ష వేదికలోని వీడియో తెరుచుకోవాలి. ఏడో తరగతి చదివే అమ్మాయి సాయంత్రం ఇంట్లో పుస్తకం తెరిచిందనుకుందాం. ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంది. అది తెల్లవారుజామున కూలి అడ్డాకు వెళ్లిన తండ్రి జేబులో ఉంది. ఆయన ఏడు గంటలకు వస్తాడు, అప్పటికి ఛార్జింగ్ అయిపోయి ఉంటుంది. ఛార్జింగ్ ఎక్కాక అన్న తీసుకుంటాడు. రోజువారీ డేటా అయిపోయే వేళకు అమ్మాయి వంతు వస్తుంది. సర్వే చేసేవాళ్లు ఆ ఇంటికి వస్తే, స్మార్ట్‌ఫోను ఉందా అన్న గడిలో ఉంది అనే రాసుకుంటారు. 2021 అసర్ ఈ తేడాను విడిగా అడిగింది. బడిలో పేరున్న పిల్లల్లో 67.6 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. ఆ ఇళ్లలోనే 26.1 శాతం మంది పిల్లలకు అది అసలు చేతికి అందదు.

2024 అసర్ నాటికి ఫోన్లు ఇంకా పెరిగాయి. 14 నుంచి 16 ఏళ్ల వయసువాళ్లలో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం తెలుసు. ముందు వారంలో దాన్ని చదువుకు సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. వాడటం తెలిసినవాళ్లలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 36.2 శాతం, అమ్మాయిలు 26.9 శాతం. ఈ చివరి అంకె దగ్గర ఆగాలి. ఆడపిల్ల చేతికి ఫోను ఇస్తే చెడిపోతుందన్న మాట ఇళ్లలోనే కాదు, హాస్టళ్లలోనూ వినిపిస్తుంది. కేరళలో ఒక కళాశాల హాస్టల్ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా అమ్మాయిల ఫోన్లు తీసేసుకుంటుంటే ఒక విద్యార్థిని ఎదురుతిరిగి కోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమని తీర్పు ఇచ్చింది. కరోనా ఇంకా రాలేదు. ఆరు నెలల తర్వాత ఆ తీర్పు విలువ దేశమంతటికీ తెలిసివచ్చింది.

ఫోను చేతికి అందిన తర్వాత సంగతి చూద్దాం. కిరణజన్య సంయోగక్రియ పాఠంలో ఒక ప్రయోగం ఉంటుంది. ఎండలో ఉన్న మొక్క నుంచి ఆకు తెంపి, ముందు నీళ్లలో ఉడికించి, తర్వాత ఆల్కహాల్‌లో ఉంచి వేడిచేసి, కడిగి, దాని మీద అయోడిన్ చుక్కలు వేస్తారు. ఆకు నీలి నలుపు రంగుకు తిరుగుతుంది. పిండిపదార్థం ఉందన్నమాట. స్పిరిటు సీసా కూడా లేని ప్రయోగశాలల్లో ఈ వీడియో నిజంగా వరం. అమ్మాయి ఒంటరిగా చూస్తే మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఆకు నల్లబడింది అన్నది గుర్తుంటుంది. అదే వీడియోను తరగతిలో చూపిస్తూ టీచరు ఆల్కహాల్ దగ్గర ఆపి, ఇంత కష్టపడి ఆకుపచ్చ రంగంతా ఎందుకు పోగొట్టారు అని అడిగితే గది కాసేపు నిశ్శబ్దమవుతుంది. వెనుక బెంచీ నుంచి ఎవరో, ఆ రంగు ఉంటే ఈ రంగు కనబడదు కదా సార్ అంటారు. వీడియో ఆ నిశ్శబ్దానికి దారి వేస్తుంది, కానీ ఎక్కడ ఆపాలో, ఎవరిని అడగాలో దానికి తెలియదు. నేర్చుకోవడం జరిగేది ఆ ఆగిన చోటే.

ఈ మాటకు పరదేశపు సాక్ష్యం కూడా ఉంది. పెరూ ప్రభుత్వం ఎనిమిది లక్షలకు పైగా చిన్న లాప్‌టాప్‌లు కొని బడిపిల్లలకు పంచింది. 319 పల్లె బడుల్లో జరిగిన అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. లాప్‌టాప్ వాడటం పిల్లలకు బాగా వచ్చింది, భాషలోనూ గణితంలోనూ మాత్రం మార్పు కనబడలేదు. ఆ బడుల్లో చాలావాటికి ఇంటర్నెట్ లేదు, అందుకే అలా జరిగిందన్నారు. తర్వాత రాజధాని లిమాలో ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చి మరీ పరీక్షించారు. చదువులో చెప్పుకోదగ్గ తేడా అప్పుడూ రాలేదు.

దీనికి ఎదురుగా ఢిల్లీలో జరిగిన అధ్యయనాన్ని పెట్టి చూడాలి. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ 2015లో ప్రభుత్వ బడుల పిల్లల మీద మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రామును పరీక్షించారు. బడి అయ్యాక కేంద్రానికి వచ్చే పిల్లలకు కొంతసేపు కంప్యూటర్ మీద అభ్యాసం, కొంతసేపు చిన్న బృందాల్లో మనిషి దగ్గర చదువు. నాలుగున్నర నెలల్లో గణితంలోనూ హిందీలోనూ గట్టి మెరుగుదల కనబడింది. కారణం చాలా సాదా. ఆ పిల్లల్లో ఆరో తరగతివాళ్లు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. బడిలో ఆరో తరగతి పుస్తకమే చెబుతారు, అది వాళ్ల తల మీదుగా పోతుంది. ఈ ప్రోగ్రాము పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి అక్కడి నుంచి మొదలుపెట్టింది. తీసివేత రాని పిల్లవాడికి తీసివేతే ఇచ్చింది. యాభై మంది ఉన్న గదిలో ఏ ఉపాధ్యాయుడూ ఒంటి చేత్తో చేయలేని పని ఇది, యంత్రానికి తేలిక. ఆంధ్రప్రదేశ్‌లోనూ కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో ఇదే పద్ధతితో ల్యాబులు నడుస్తున్నాయి. పెరూలో పంచింది పరికరం, ఢిల్లీలో ఇచ్చింది పిల్లవాడి స్థాయికి తగిన అభ్యాసం, పక్కన ఒక మనిషి. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఏ ప్రభుత్వమైనా ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

పరికరాలు పంచడంలో మరో చిక్కు ఉంది. పాఠం ఎవరిది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాలు అమ్మే బైజూస్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా టాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. పాఠాలను ముందే టాబ్‌లో నింపి ఇవ్వడం మెచ్చదగ్గ ఆలోచన. సిగ్నలు లేని తండాలోనూ పాఠం తెరుచుకుంటుంది, తండ్రి రీఛార్జి చేయించాల్సిన పని లేదు. కానీ ఆ సంవత్సరం 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన ఆ సంస్థ మీద 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠ్యపుస్తకం మారితే టాబ్‌లోని పాఠాన్ని ఎవరు మార్చాలి, తప్పు కనబడితే ఎవరికి చెప్పాలి అన్న ప్రశ్నలకు సంస్థ నిలబడి ఉంటేనే జవాబు ఉంటుంది. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ (ఎస్‌సీఈఆర్‌టీ) తయారుచేసిన పుస్తకంలో తప్పుంటే అడగడానికి ఒక కార్యాలయం ఉంది, సవరించిన ముద్రణ వస్తుంది. ప్రజల బడిలో చెప్పే పాఠం ప్రజల సొత్తుగా ఉండాలన్నది పట్టుబట్టవలసిన మాట. పార్టీలు మారినా, కంపెనీలు మూతపడినా పాఠం బతకాలి.

ప్రభుత్వం చేతిలో ఉన్నంత మాత్రాన భద్రం అనుకోవడానికీ లేదు. దీక్ష సమాచారం భద్రపరిచిన సర్వర్లలో ఒకటి తాళం లేకుండా ఏడాదికి పైగా తెరిచి ఉందని 2023 జనవరిలో బయటపడింది. పది లక్షల మందికి పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోను నంబర్లు, ఈమెయిళ్లు అందులో ఉన్నాయి. లక్షల మంది విద్యార్థుల వివరాలూ ఉన్నాయి. దానికి ముందు, 2022లో, మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల ప్రభుత్వాలు కరోనా కాలంలో సిఫారసు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను పరిశీలించింది. పదింట తొమ్మిది దాకా పిల్లల హక్కులకు ముప్పు తెచ్చే రీతిలో సమాచారాన్ని సేకరిస్తున్నాయని తేల్చింది. పాఠం కోసం యాప్ తెరవమని బడే చెప్పినప్పుడు, వద్దనే వీలు ఏ తల్లికి ఉంటుంది? 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. నిరక్షరాస్యురాలైన తల్లి వేలితో నొక్కిన అంగీకారం అనే మీటను అనుమతి అనగలమా అన్నది చట్టం ఒక్కటే తేల్చలేని ప్రశ్న.

ఉపాధ్యాయుడి శక్తిని ఇంటర్నెట్ పెంచిందన్న మాటకు రెండో వైపు కూడా చూడాలి. అదే ఫోను ఆయన సమయాన్ని తినేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చినప్పుడు ఉపాధ్యాయులు రోడ్డెక్కారు. సొంత ఫోను, సొంత డేటా, సిగ్నలు రాని చోట ఆలస్యమైనట్టు నమోదు. అప్పట్లో మధ్యాహ్న భోజనానికి ఒక ఫొటో, మరుగుదొడ్డి శుభ్రతకు ఇంకో ఫొటో కూడా పంపాల్సి వచ్చేది. పొద్దున మొదటి పీరియడ్‌లో, పిల్లలు పుస్తకాలు తెరిచి ఎదురుచూస్తుండగా, మరుగుదొడ్డి గుమ్మం దగ్గర నిలబడి ఫొటో అప్‌లోడ్ అయ్యేదాకా ఫోను పైకెత్తి పట్టుకున్న గణితం మాస్టారిని ఊహించుకుంటే ఈ కష్టం తెలుస్తుంది. పర్యవేక్షణ అవసరమే. కానీ దాన్ని పాఠం చెప్పే మనిషి పీరియడ్‌లోంచి కోసి తీసుకోవడం పిల్లలకు జరిగే నష్టం. ఏ పట్టికలోనూ అది నమోదు కాదు.

పిల్లల పనిలోనూ ఇలాంటి ఖాళీ నమోదులున్నాయి. ఏడాది పొడవునా బడిలోనే జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులు పెట్టడం వెనుక మంచి ఉద్దేశం ఉంది: పిల్లలు ఊళ్లో తిరిగి, చూసి, అడిగి, తమ మాటల్లో రాయాలి. మార్కుల తేదీ దగ్గరపడేసరికి మండల కేంద్రంలోని నెట్ సెంటర్ దగ్గర వరుస కడతారు. మా ఊరి చెరువు అన్న అంశానికి ఎక్కడివో చెరువు బొమ్మలు, ఎవరో రాసిన నాలుగు పేరాలు రంగుల్లో ప్రింటై వస్తాయి. పిల్లవాడు బయట పేరు రాస్తాడు. ఊరి చెరువు అతడి ఇంటికి నడిచివెళ్లేంత దూరంలోనే ఉంటుంది. అడిగిన దానికి క్షణంలో వ్యాసం రాసిచ్చే కృత్రిమ మేధ ఇప్పుడు ఫోనులోకే వచ్చింది కాబట్టి నెట్ సెంటర్ దాకా నడక కూడా తప్పింది. దీనికి విరుగుడు నిషేధంలో లేదు. చెరువు గట్టు మీద ఎవరితో మాట్లాడావు, వాళ్లేం చెప్పారు అని తరగతిలో నిలబెట్టి అడిగే ఐదు నిమిషాల్లో ఉంది. ఆ ఐదు నిమిషాలు ఉపాధ్యాయుడికి మిగలాలి.

కేంద్ర విద్యాశాఖ బడుల గురించి ఏటా సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశంలోని 63.5 శాతం బడులకు ఇంటర్నెట్ ఉంది. ముందటి ఏడాది ఇది 53.9 శాతం. ఇది మంచి పెరుగుదల. అయితే ఉంది అన్న మాట ఆ లైను వారంలో ఎన్ని రోజులు పనిచేస్తుందో, బిల్లు ఎవరు కడుతున్నారో, అది తరగతి గది దాకా వస్తుందో ప్రధానోపాధ్యాయుడి బల్ల దగ్గరే ఆగుతుందో చెప్పదు. అవే లెక్కల్లో మరో అంకె ఉంది. ఒకే ఒక్క ఉపాధ్యాయుడితో నడుస్తున్న బడులు దేశంలో లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో 12 వేలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి, ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఇంటర్నెట్ ఉందన్న సాకుతో ఆ రెండో పోస్టును ఖాళీగా వదిలేస్తే, అన్ని ప్రమాదాల్లోకీ పెద్దది అదే అవుతుంది.

ఆ పోస్టు నిండేదాకా అక్కడ ఇంటర్నెట్ చేయగల మేలు ఒకటుంది. ఐదు తరగతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చున్న చోట, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు ఓ మూల టాబ్‌లో తమ స్థాయి లెక్కలు చేసుకుంటుంటే ఆ టీచరుకు ఇరవై నిమిషాలు చిక్కుతాయి. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె నేల మీద కూర్చుని ఒకటో తరగతి పిల్లల పలకలు ఒక్కొక్కటే అందుకుని, చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించగలదు.